రెండు నొప్పులున్న మనిషి

తిరుపతి,
12-6-1945

చిరంజీవి వనజాక్షికి,

ఉభయకుశలోపరి అని రాయడం నేను మానేసి పదేళ్ళయింది. గుప్పెడు బియ్యానికి జనం బారులు తీరి నిలబడే దేశంలో అందరం బాగున్నామని రాసుకోవడం అబద్ధం. కనుక నేరుగా విషయానికి వస్తున్నాను.

పోయిన వారం పాకాల స్టేషన్లో బండి మారుతుంటే మీ హెడ్‌మిస్ట్రెస్ ఆనందమ్మ గారు కనిపించారు. "మీ చెల్లెలు పాఠం చెప్తే గోడలు గూడా వింటాయండీ" అని మొదలుపెట్టారు. నేను పొంగిపోయాను. వెంటనే, "అయితే పోయిన తూరి పరీక్షల ముందు పదకొండు దినాలు సెలవు పెట్టిండాది. తలనొప్పంట" అన్నారు. ఎన్ని అని మళ్ళీ అడిగాను. పదకొండే. చిత్తూరు బండి వచ్చింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆమె ముఖం ఎలా చూసేవాణ్ణో తెలియదు.

వనజా, మీ ఆయన పోయినప్పుడు నీకు పంతొమ్మిదేళ్ళు. నగరిలో మన వాళ్ళంతా నిన్ను ఒక మూల కూర్చోబెట్టి మగ్గాలకు నూలు కండెలు చుట్టించాలని నిర్ణయించారు. మేనమామ గురప్ప మన వీధి పెద్దలందరినీ పోగుచేసి పంచాయితీ పెట్టించాడు. ఆ పంచాయితీలో నేను ఒంటిగా నిలబడి, ఈ పిల్లను ట్రైనింగు స్కూలుకు పంపుతున్నాను, ఆడది మగవాడితో సమానంగా పనిచేస్తుందో లేదో చూడండి అన్నాను. నువ్వు బడిలో చేరింది మొదలు ఏడేళ్ళుగా చూస్తున్నారు. నువ్వు సెలవు పెట్టిన ప్రతి దినం నా వాదంలో ఒక ఇటుక రాలుతుంది. మగ ఉపాధ్యాయుడు సెలవు పెడితే ఆ ఒక్కడే పెట్టినట్టు. నువ్వు పెడితే స్త్రీజాతి మొత్తం పెట్టినట్టు. ఇది అన్యాయమే. అన్యాయమని తెలిసినవాళ్ళం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మా పత్రిక 'ఆకురాయి' కొత్త సంచిక పంపుతున్నాను. కాగితం కొరత వల్ల ఎనిమిది పేజీలే. మొదటి పేజీలో 'తలనొప్పి వ్రతం' అన్న వ్యాసం నాదే. కుంపటి అన్న కలంపేరుతో రాశాను. శ్రద్ధగా చదువు. నేనే వచ్చి చెప్పేవాణ్ణి గానీ ఆ వ్యాసం కోసం రెండు రోజులు తలుపులు మూసుకొని గదిలో ఉండిపోవలసి వచ్చింది. పని ఒత్తిడి. మా కంపోజిటరు మునస్వామి ఎవరినీ గడప తొక్కనివ్వలేదు.

మీ అన్న,
దేవరాజులు

*

చిత్తూరు,
24-6-1945

పూజ్యులైన అన్నకు వనజాక్షి నమస్కరించి రాయునది.

పూజ్యులు అని రాయొద్దన్నావు. చెయ్యికి అలవాటైపోయింది, వదిలెయ్యి.

బడి తెరిచారు. మూడో తరగతి నాకే ఇచ్చారు. నలభై ఎనిమిదిమంది ఆడపిల్లలు.

వ్యాసం చదివాను. ఉపవాసాలు, నోములు, చీకటి వంటిళ్ళు ఆడవాళ్ళ తలలు పాడుచేస్తున్నాయన్న మాట బాగుంది. తర్వాత ఒక పేరాలో, "నా ఎరుకలో ఒక పంతులమ్మ ఉంది. ఇన్‌స్పెక్ట్రెస్ వస్తున్నదంటే చాలు, ఆమెకు సరిగ్గా సగం తల నొస్తుంది. మిగతా సగం సెలవు చీటీ రాస్తుంది" అన్నావు. ప్రెస్సులో అందరూ నవ్వి ఉంటారు.

ఆ పంతులమ్మ నాకూ తెలుసేమో అనిపించింది. ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చిన రోజు ఆమెకు తల నొచ్చిన మాట నిజం. ఆ రోజు ఆమె సెలవు పెట్టలేదు. ఎక్కాలు ఒప్పజెప్పించింది. పుస్తకంలో సంతకం తీసుకుంది. బడి వెనక్కి పోయి వాంతి చేసుకొని, నోరు కడుక్కొని వచ్చి, పిల్లలచేత పద్యం చదివించింది. సెలవు పెట్టింది ఆ మర్నాడు. నీకు ఉత్తరంలో అదంతా రాసినట్టే గుర్తు. పేరాలో చోటు చాలలేదు కాబోలు.

నేను ఉపవాసాలు మానేసి ఆరేళ్ళయింది. నువ్వు చెప్పావనే మానేశాను. నొప్పి మానలేదు. వచ్చేముందు కళ్ళకు తెలుస్తుంది. నల్లబల్ల మీద ఒక మాట రాస్తే మొదటి అక్షరం కనిపిస్తుంది, మిగతావి ఉండవు. ఉండవలసిన చోట చీర అంచులో నేసే కోటకొమ్మల మాదిరి వంకరటింకర వెలుగు కదులుతూ ఉంటుంది. అరగంటకు అది పోతుంది. అది పోయిందంటే నాకు భయం. ఎడమ కణతలో మొదలవుతుంది. పక్కింటి అలివేలమ్మ శొంఠి అరగదీసి పట్టు వేస్తుంది. దాని వాసనకే మళ్ళీ వాంతి.

సెలవులు తగ్గిస్తాను. ఒక చిన్న పని. లావుపాటి కలం దొరికితే పంపు. సన్నది వేళ్ళలో నిలవడం లేదు. వేరే ఏమీ లేదు.

వనజాక్షి

*

తిరుపతి,
15-7-1945

చిరంజీవి వనజాక్షికి,

కలం పంపాను. అది చేరకముందే నీ కార్డు వచ్చింది. కలం ఎందుకు నిలవదని నేనింకా అడగనే లేదు, నువ్వే రాశావు. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు, పది గంటలకు గానీ వదులు కావు, రెండు మణికట్లూ వాచాయి, జడ వేసుకోవడం కష్టంగా ఉంది.

ఇప్పుడు నేనేమనాలి? తల అన్నావు. సరే అన్నాను. ఇప్పుడు చేతులంటున్నావు. తల ఒక చోట, చేతులు ఒక చోట. మధ్యలో మెడ ఉంది, భుజాలున్నాయి. అవి బాగున్నాయి కదా? ఒక రోగం ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకడానికి అదేమన్నా కోతా? ఇది శాస్త్రయుగం. కారణం లేని కార్యం లేదు.

నేను నిన్ను నమ్మలేదనుకోవద్దు. లోకం ఎలా ఆలోచిస్తుందో చెబుతున్నాను. ఒక రోగముంటే జనం రోగి అంటారు. రెండుంటే దొంగ అంటారు. ఒక కాలు విరిగినవాడి మీద జాలిపడతారు. కాలూ విరిగింది, చెవీ వినబడదంటే వీడేదో నాటకమాడుతున్నాడంటారు. కాబట్టి రెంటిలో ఒకటి ఎంచుకో. చేతుల వాపు కంటికి కనిపిస్తుంది, అది చెప్పు. కనిపించని తల సంగతి ఎక్కడా ఎత్తొద్దు. రుజువు లేనిదాన్ని సభలో పెట్టకూడదు.

పొద్దున్నే చేతులు చాపి ముడిచే కసరత్తు చెయ్యి. వావిలాకు వేసి కాచిన నీళ్ళలో చేతులు పెట్టమని అలివేలమ్మ చెబితే పెట్టు, నష్టం లేదు. మంత్రం మాత్రం వేయించుకోవద్దు. పొద్దు పొడవకముందు ఎవడో వచ్చి వేపమండతో తల నిమిరితే పోయే నొప్పి అయితే, అది రాకుండానే ఉండేది.

దేవరాజులు

*

చిత్తూరు,
2-9-1945

అన్నకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. జూలై నుంచి తల సంగతి ఎవరికీ చెప్పలేదు. వచ్చిన రోజున కూడా బడికి పోయాను. యుద్ధం ముగిసిందని పోయిన నెలలో పిల్లలను ఊరేగింపుకు తీసుకుపొమ్మన్నారు. ముందు పలకల మోత, వెనక తప్పెట్లు. నా కళ్ళకు వీధి సగమే ఉంది. ఆ సగంలో నలభై ఎనిమిదిమందిని లెక్కపెట్టుకుంటూ కోర్టు దాకా నడిచి, నడిచి, తిరిగి వచ్చాను. మిఠాయి పంచారు. ఒక పిల్ల నా వాటా తెచ్చి చేతిలో పెట్టింది. వేళ్ళు మూసుకోలేదు. మిఠాయి మట్టిలో పడింది. "టీచరమ్మకు తీపి ఇష్టం లేదు" అని ఆ పిల్ల అందరికీ చెప్పింది.

చేతులు మాత్రం ఎంచుకొని బడి కమిటీ సెక్రటరీ రాజారత్నం గారికి చెప్పుకున్నాను. బోర్డు మీద రాయడానికి పొద్దున పూట కాక మధ్యాహ్నం పూట ఇప్పించండి అన్నాను. ఆయన పాత సెలవు చీటీలన్నీ తెప్పించారు.

"ఏమ్మా, పోయిన ఏడాదంతా తలకాయ అని రాసిచ్చిండావు. ఈ ఏడు చేతులంటావు. వచ్చే ఏడికి ఇంగేది పెట్టుకోనుండావు?" అన్నారు.

నీ మాటలే ఆయన నోట వచ్చాయి. నీకు లోకం బాగా తెలుసు.

నీకు అమ్మ గుర్తుందా? ఆమె పోయేనాటికి నాకు ఏడేళ్ళు, నీకు ఇరవై దగ్గర. నీకే బాగా గుర్తుండాలి. అమ్మ మిట్టమధ్యాహ్నం నాయన అన్నానికి లేచినప్పుడు మగ్గం గుంటలోకి దిగి కూర్చునేది. తలకు గుడ్డ బిగించి, మోకాళ్ళ మీద ముఖం పెట్టుకొని. ఇంట్లో చీకటిగా, చల్లగా ఉండేది అదొక్కటే. నాయన చేయి కడుక్కొని వచ్చి, "లెయ్యి, లెయ్యి. నీకు పనంటే తలకాయ నొస్తాది" అనేవాడు. ఆఖరి ఏళ్ళలో ఆమె చేతులు ఎలా అయిపోయాయి? వేళ్ళన్నీ ఒక పక్కకు ఒరిగి, కండె పట్టుకోలేక రెండు అరచేతుల మధ్య ఇరికించుకొని చుట్టేది. నేను అడిగితే, "అదే ఇదీ. పైన మొదలై కిందికి దిగిండాది" అంది. నేను పిల్లను, నవ్వాను.

నువ్వు మీ ప్రెస్సు గోడ క్యాలెండరు పంపావు కదా. జనవరి నుంచి దాని మీద గుర్తులు పెడుతున్నాను. తల నొచ్చిన దినానికి చుక్క, చేతులు పట్టేసిన దినానికి గీత. మొదట్లో చుక్కలు ఒక చోట, గీతలు ఒక చోట ఉండేవి. మే నుంచి రెండూ గుంపులుగా ఒకే వారాల్లో పడుతున్నాయి. చుక్కలు లేని వారం గీతలూ తక్కువ. ఇది రుజువు అవుతుందా, కాదా? సభలో పెట్టొచ్చా?

వనజాక్షి

*

తిరుపతి,
5-10-1945

చిరంజీవి వనజాక్షికి,

ఈ ఉత్తరం మునస్వామి చేతిరాత. కళ్ళు అలసి ఉన్నందువల్ల చెప్పి రాయిస్తున్నాను. నీ ఉత్తరానికి నెల దాకా జవాబు రాయనందుకు కోపగించుకోవద్దు.

అమ్మ సంగతి గుర్తుంది. అమ్మది తిండిలేని ఒళ్ళు, తొమ్మిది కాన్పులు. ఆమెకు లేని రోగం ఏది? దానికీ నీకూ ముడిపెట్టకు. క్యాలెండరు మీద గుర్తులు ఎవరైనా పెట్టుకోవచ్చు. జాతకాలు వేసేవాళ్ళూ అలాగే పెడతారు. నిజంగా సందేహముంటే వేలూరు పోయి పెద్దాసుపత్రిలో చూపించుకో. సర్టిఫికెట్టు తెచ్చుకో. కాగితానికి కాగితమే జవాబు.

ఇంక రాయించలేను.

దేవరాజులు

అమ్మయ్యా, కింద ఇది నేను మునస్వామి రాసేది. అన్నకు తెలిస్తే నన్ను పనిలోంచి తీసేస్తాడు. అన్నకు కండ్లు అలసింది కాదు. రెండు దినాలుగా గదిలో పండుకోనుండాడు. కిటికీకి గోనెపట్ట కట్టినాము. తడి తువ్వాలు తలకు చుట్టుకోనుండాడు. మిషను తిప్పొద్దన్నాడు. నెలకు ఒగటి రెండు తూర్లు ఇట్లనే. నేను చేరినప్పటి నుంచి సూస్తా ఉండా. ఎవురన్నా వస్తే అయ్య ఆలోచన చేస్తా ఉండాడని చెప్పి పంపిస్తాము. మీరు అలివేలమ్మ శొంఠి పట్టు అని రాసింది అన్న చదువుతా ఉంటే విన్నాను. శొంఠి ఎంత, దేంతో అరగదీసేది రాయండమ్మా. అన్నకు తెలీకుండా వేస్తాను.

*

చిత్తూరు,
28-11-1945

'ఆకురాయి' సంపాదకులు దేవరాజులు గారికి,

ఈ ఉత్తరం నాలుగు దినాలుగా రాస్తున్నాను. పొద్దున పది తర్వాతే చెయ్యి నడుస్తుంది, పది తర్వాత బడి. ఆదివారం దొరికింది, ఆదివారం తల వచ్చింది. అక్షరాలు బాగోలేవు.

కాట్పాడి దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో వేలూరు పోయాను. డాక్టరమ్మ అరవావిడ. నా రెండు చేతులూ పక్కపక్కన బల్ల మీద పెట్టించి, ఏ కణుపు కుడిచేతిలో వాచిందో అదే ఎడమచేతిలో వాచిందని చూపించింది. పనివల్ల వచ్చే నొప్పి ఇలా రెండు వైపులా జత కుదిరి రాదంది. కీళ్ళవాతంలో ఇదొక జాతి, బాగా చెడ్డది అంది. ఇంకేమైనా ఉందా అని అడిగింది. లేదన్నాను. ఒకటే ఎంచుకోమన్నావు కదా. లేచి వస్తుంటే కిటికీ వెలుగు పడి కళ్ళు మూసుకున్నాను. ఆమె చూసింది. మళ్ళీ కూర్చోమంది.

అప్పుడు క్యాలెండరు చుట్ట విప్పాను. అన్నా, ఆమె దాన్ని చాలాసేపు చూసింది. వేలితో ఒక్కో నెలా దిగుతూ చూసింది. మన అమ్మకు ఎలా ఉండేదని అడిగింది. చెప్పాను. "ఒకదాని వల్ల ఇంకోటి వచ్చిందని నేను రాయలేను. అలా ఏ పుస్తకంలోనూ చదవలేదు. కానీ తలకు చూపించుకోడానికి వచ్చిన ఆడవాళ్ళకు కొన్నేళ్ళకు చేతులు పోవడం, చేతులు చూపించుకోడానికి వచ్చినవాళ్ళు తలనొప్పి సంగతి దాచిపెట్టడం, రెండూ చూశాను. ఎందుకని నన్ను అడక్కు, నాకు తెలీదు. తెలీదు కాబట్టి లేదనను" అంది. రెండింటికీ ఒకే బిళ్ళ ఇచ్చింది, ఆస్పిరిన్. సర్టిఫికెట్టులో రెండూ రాసింది. చేతులు ఒక్కటే రాయండి చాలు అని బతిమాలాను. "ఉన్నది రాయకపోతే నేనెందుకు?" అంది.

పోయిన శుక్రవారం కమిటీ పిలిచింది. నలుగురు మగవాళ్ళు, ఆనందమ్మ గారు. సెక్రటరీ రాజారత్నం గారు సర్టిఫికెట్టు చదివి, "రెండు రాసిండారు. ఒగటైతే నమ్ముదును" అన్నారు. తర్వాత కోటు జేబులోంచి ఒక కాగితం తీశారు. చాలా జాగ్రత్తగా కత్తిరించి మడిచి పెట్టుకున్నారు.

"ఇది నేను చెప్పే మాట కాదు. ఈ కుంపటి అనేటాయన మనలాంటోడు కాదు. ఆడోళ్ళు సదవాల, ఉద్యోగాలు చెయ్యాల అని కొట్లాడే మనిషి. ఆయనే ఇట్ల రాసినాడంటే ఇంకేముండాది? సూడండి" అని పేరా చదివారు.

సగం తల నొస్తుంది, మిగతా సగం సెలవు చీటీ రాస్తుంది అన్న చోట నలుగురూ నవ్వారు. ఒకాయనకు మళ్ళీ వినాలనిపించి రెండోసారి చదివించుకున్నాడు. ఆనందమ్మ గారు మాత్రం తలవంచుకున్నారు. కుంపటి ఎవరో ఆమెకు తెలుసు. నా వైపు చూశారు. నేను చెప్పొద్దన్నట్టు తల ఊపాను.

నేను ఎందుకు చెప్పలేదో చెబుతాను. రాసినవాడు మా అన్న అంటే, ఇంట్లోవాడే అన్నాడు కదా, ఇంకేం సాక్ష్యం కావాలని అంటారు. ఇంకో మాట కూడా చెప్పి ఉండొచ్చు. నీ గది కిటికీకి గోనెపట్ట కట్టిన సంగతి నాకు తెలుసు. తడి తువ్వాలు సంగతి తెలుసు. మునస్వామిని ఏమీ అనొద్దు. అంటే నాకూ నీకూ ఇదే ఆఖరి ఉత్తరం.

నీది ఆలోచన, నాది సాకు. నీకు తలుపు మూసి కాపలా కాస్తారు, నాకు చీటీలు దొంతర పెట్టి లెక్కపెడతారు. నాయన అమ్మను మగ్గం గుంటలోంచి లేపినప్పుడు నువ్వు పక్కనే కూర్చొని పుస్తకం చదువుకుంటున్నావు. అప్పటికే నీకు కూడా మొదలైందా?

పనికి ఎగనామం పెట్టేందుకు లేని రోగాలు చెప్పానని తేలిస్తే ఉద్యోగం పోవడమే కాదు, నా టీచరు సర్టిఫికెట్టు వెనకాల అది రాసి పంపుతారు. ఇంకే బడిలోనూ చేర్చుకోరు. నగరికి పోయి కండెలు చుట్టే చేతులు కూడా ఇవి కావు. డిసెంబరు పదిహేనున తేలుస్తారు. నాకు వాదించే ఓపిక లేదు. అలిసిపోయాను.

వనజాక్షి

*

తిరుపతి,
4-12-1945

వనజా,

మొదట ఆరు పేజీలు రాశాను. సందర్భం నుంచి విడదీసి నా వ్యాసాన్ని వాడుకున్నారని, ఆ రాజారత్నం వంటివాళ్ళ చేతిలో ఏ మంచి ఆయుధమైనా ఇంతే అవుతుందని, నా ఉద్దేశం అది కాదని. బాగా వచ్చింది. వాదం ఎక్కడా తెగలేదు. మునస్వామికి కంపోజుకు ఇద్దామని పిలిచాను. అతను తీసుకోలేదు. "ఇది చెల్లెలికా అన్నా, పత్రికకా?" అన్నాడు. చింపేశాను.

అవును. నాకు పదిహేడో ఏట మొదలైంది. నువ్వడిగిన ఆ మధ్యాహ్నం నేను పుస్తకం చదవడం లేదు. అక్షరాలు సగమే కనిపిస్తున్నాయి. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. నాయన అమ్మతో అన్న మాట విన్నాను. ఆ మాట నేను అనిపించుకోకూడదని ఆ రోజే అనుకున్నాను. అంతే. అమ్మ పక్కన నిలబడాలని అనుకోలేదు.

ఇక్కడికి వచ్చాక నాకు ఏ ఇబ్బందీ లేకపోయింది. తలుపు మూస్తే చాలు, ఏమిటని అడిగినవాడు లేడు. ఎడిటరు కదా, ఆలోచిస్తుంటాడు. 'తలనొప్పి వ్రతం' అలాగే రాశాను. గోనెపట్ట కట్టిన గదిలో తడి తువ్వాలు కింద నుంచి చెబుతుంటే మునస్వామి రాసుకున్నాడు. ఆ పేరా దగ్గర అతను కలం ఆపాడు. నేను రాయమన్నాను. నా నొప్పి నీ మీద పెట్టి నవ్వితే అది నాది కాకుండా పోతుందనిపించింది కాబోలు. ఇరవై ఏళ్ళుగా మూఢత్వం మీద పోట్లాడుతున్నాను. ఇంతకంటే పెద్ద మూఢత్వం ఏ వేపమండవాడి దగ్గరా చూడలేదు.

కమిటీకి ఉత్తరం రాశాను. దానిలో ముఖ్యమైన వరుసలు ఇవి:

"కుంపటి అన్న పేరుతో ఆ వ్యాసం రాసినవాణ్ణి నేనే. అందులో చెప్పిన పంతులమ్మ నా చెల్లెలు, మీ ఉపాధ్యాయిని వనజాక్షి. ఆమె గురించి నేను రాసింది అబద్ధం. ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చిన దినాన ఆమె బడిలోనే ఉంది, మీ రిజిస్టరు చూసుకోండి. ఆ వ్యాసం రాసిన రెండు దినాలు నేను అదే సగం తలనొప్పితో చీకటి గదిలో పడి ఉన్నాను. పత్రిక నాలుగు దినాలు ఆలస్యమైంది. ఏడాదికి ముప్పై దినాలు నేను ఇలా పడుకుంటాను. నన్నెవరూ సోమరి అనలేదు. మా అమ్మకు ఈ తలనొప్పీ, తర్వాత కీళ్ళవాతమూ రెండూ ఉండేవి. రెండు నొప్పులున్న మనిషి రెండు అబద్ధాలాడినట్టు కాదు."

ఇదే జనవరి సంచిక మొదటి పేజీలో వేస్తున్నాను, నా సొంత పేరుతో. చందాదారులు నవ్వితే నవ్వనీ.

ఇంకొకటి రాయాలి. నా చేతులు ఇప్పటికి బాగున్నాయి. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి రోజూ లేవగానే వేళ్ళు ముడిచి చూసుకుంటున్నాను. ముడుచుకుంటున్నాయి. సిగ్గుగా ఉంది, అయినా చూసుకుంటున్నాను.

అన్న

*

చిత్తూరు,
20-12-1945

అన్నా,

ఉద్యోగం ఉంది.

నాలుగు వరుసల్లో ముగించాలనుకున్నాను గానీ ఎలా జరిగిందో నీకు తెలియాలి.

రాజారత్నం గారు నీ ఉత్తరం అందరికీ వినిపించారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పోయినసారి రెండోసారి చదివించుకున్నాయన, "అట్ల బాధ పడతా గూడా పత్రిక నడిపినాడంటే మామూలు మనిషి కాదబ్బా" అన్నాడు. ఇంకొకాయన తన మామకు కూడా ఇదే ఉండేదని, చాలా తెలివైనవాళ్ళకే వస్తుందని చెప్పాడు. నీ దగ్గర సర్టిఫికెట్టు ఉందా అని ఎవరూ అడగలేదు. వేలూరు కాగితం బల్ల మీద అలాగే ఉంది. దాన్ని మళ్ళీ విప్పలేదు. నా ఏడేళ్ళూ, డాక్టరమ్మ సంతకమూ, పన్నెండు నెలల చుక్కలూ గీతలూ చెయ్యలేనిది నీ ఒక్క కాగితం పావుగంటలో చేసింది.

నీకు కృతజ్ఞత చెప్పాలి. చెబుతున్నాను. కోపం కూడా ఉంది. అది కూడా చెబుతున్నాను. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు.

బోర్డు మీద పొద్దున పూట పిల్లలచేతే రాయించమని ఆనందమ్మ గారు చెప్పారు. వరుసగా ఒక్కొక్కతి వచ్చి రాస్తుంది, నేను చెబుతాను. సుద్దముక్క కోసం కొట్టుకుంటున్నారు. అక్షరం కనిపించని దినాన తప్పు రాసిందో ఒప్పు రాసిందో పక్క పిల్లను అడుగుతాను. చేతులు ఏమీ బాగుపడలేదు. ఆస్పిరిన్ బిళ్ళలతో కడుపు మండుతోంది. కుడిచేతి నడిమివేలు అమ్మ వేలి మాదిరే ఒక పక్కకు ఒరుగుతోంది. కొత్త సంవత్సరం క్యాలెండరు పంపు. గళ్ళు పెద్దవి ఉంటే మంచిది.

మునస్వామికి చెప్పు: శొంఠి కొమ్ము సగం, పాలతో అరగదీయాలి. నాకు పనిచెయ్యలేదు. అతనికి సంతోషంగా ఉంటుంది, వేయించుకో.

కమిటీ లేచాక వరండాలో రాజారత్నం గారు నా కోసం ఆగారు. చేతికర్ర కింద పెట్టి, గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా, "పాపం, మీ అన్నగారికి తలకాయ నొప్పి ఇప్పుడెట్లుండాదమ్మా?" అన్నారు.

ఏడేళ్ళుగా ఆ బడిలో ఉన్నాను. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. కుశలం రాయడం మానేశావు కాబట్టి నువ్వూ అడగలేదు.

కనుక్కొని చెబుతానన్నాను. రేపు బడిలో మళ్ళీ అడుగుతారు.

ఎట్లుండాదన్నా?

వనజ